ఫ్యాషన్ షోకి డబ్బులెవరిస్తారు?

(చీరాల ప్రాంతంలో అంబేద్కర్ యువజన సంఘాల కార్యకర్తలు, కుట్టు శిక్షణ కేంద్రం మహిళలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్నెందుకు పిలిచారో మీ అందరికీ తెలుసు. మన పల్లెల నుంచి వచ్చి కుట్టు నేర్చుకున్న ముప్పై మంది ఆడపిల్లలు తాము కత్తిరించి కుట్టిన బట్టలు తామే వేసుకుని స్టేజీ మీద నడిచి చూపిస్తామంటున్నారు. టిక్కెట్టు పెడతామంటున్నారు. మిగిలిన డబ్బుతో సెంటరుకి ఇంకో పది మిషన్లు కొంటామంటున్నారు. హాలు అద్దె, లైట్లు, మైకు, గుడ్డ, కరపత్రాలు, భోజనాలు అన్నీ కలిపి 80 వేలు అవుతుందని లెక్క వేసి పెట్టారు. చేతిలో ఉన్నది 11 వేలు. ఈ లోపల ఒక వైన్ షాపు ఓనరు కబురు పంపాడు. మొత్తం ఖర్చు నేనే పెట్టుకుంటాను, స్టేజీ వెనక నా ఫ్లెక్సీ ఉండాలి, మొదటి వరుస నా మనుషులకి వదిలెయ్యాలి అని.

దీని మీద సంఘంలో పదిహేను రోజులుగా గొడవ జరుగుతున్నదని విన్నాను. డబ్బు ఎవరిదైతే ఏంటి, పని కావాలి గదా అని కొందరు. అసలు కూలీనాలీ చేసుకునే మనకి ఫ్యాషన్ షో ఏంటి, అది సినిమావాళ్ళ పని గదా అని కొందరు పెద్దవాళ్ళు. ఈ రెండో మాటకి ముందు జవాబు చెప్పుకుందాం. ఎందుకంటే మనకీ పని ఎందుకో తెలియకపోతే ఇంకొకడి దగ్గరికెళ్ళి డబ్బులడిగే నోరు రాదు.

బట్ట చిన్న సంగతి కాదు. మనల్ని ఊరి బయట పెట్టినవాడు ముందు మన ఒంటి మీద బట్ట దగ్గరే మొదలుపెట్టాడు. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడు చచ్చినవాళ్ళ బట్టలు కట్టుకోవాలని రాసి ఉంది. మన తాతల కాలంలో ఊళ్ళోకి పోతే పంచె మోకాలు దిగకూడదు, కాళ్ళకి చెప్పులుండకూడదు, ఆడవాళ్ళు కుచ్చిళ్ళు పోసి చీర కట్టకూడదు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు రొమ్ము మీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల తరబడి దెబ్బలు తిని పోరాడారు. 1859లో రాజు దిగొచ్చి ఉత్తర్వు ఇచ్చాడు. అందులో కూడా ఒక మెలిక పెట్టాడు, కప్పుకోండి గాని పై కులం ఆడవాళ్ళు కప్పుకున్నట్టు కప్పుకోవద్దన్నాడు. చూశారా, గుడ్డ ఇచ్చినా తేడా మాత్రం పోనివ్వలేదు.

1927 డిసెంబరులో మహద్ సభలప్పుడు బాబాసాహెబ్ మన ఆడవాళ్ళతో విడిగా మాట్లాడారు. చదువు గురించి చెప్పారు, శుభ్రత గురించి చెప్పారు, చీర ఎట్లా కట్టుకోవాలో కూడా చెప్పారు. మోకాళ్ళ పైకి కట్టే కట్టు అంటరానిదని చూపించే గుర్తు, దాన్ని వదిలిపెట్టండి, నిండుగా కట్టుకోండి అన్నారు. అంత చదువుకున్న మనిషికి చీర కట్టు గురించి మాట్లాడే తీరిక ఎందుకు దొరికింది? ఆయన సూటు ఎందుకు వేసుకున్నాడో, మన ప్రతి పేటలో విగ్రహానికి నీలం కోటు ఎందుకు వేస్తామో ఆలోచిస్తే అదే జవాబు దొరుకుతుంది. కాబట్టి పెద్దవాళ్ళతో మనవి చేసేదేమంటే, మన పిల్లలు తలెత్తి స్టేజీ మీద నడవడం సినిమా పిచ్చి కాదు. అది మనం ఎప్పట్నుంచో చేస్తున్న పనే.

ఇక డబ్బు. ఈ పని మనకంటే ముందు చేసినవాళ్ళున్నారు. అమెరికాలో నల్లవాళ్ళు. మహారాష్ట్రలో 1972లో దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నప్పుడు ఆ పేరు వాళ్ళ దగ్గర్నుంచే తెచ్చుకున్నాం. వాళ్ళ ఉద్యమాల గురించి మనకి కాస్తో కూస్తో తెలుసు. వాళ్ళు యాభై ఏళ్ళపాటు ఒక ఫ్యాషన్ షోని బస్సులో ఊరూరా తిప్పారన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. దాని పేరు ఎబొనీ ఫ్యాషన్ ఫెయిర్. దాన్ని ఎవరి డబ్బుతో నడిపారో కొంచెం నిదానంగా చెప్తాను, మనకి కావలసిన కిటుకు అందులో ఉంది.

జాన్ జాన్సన్ అని ఒకాయన. 1918లో ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టాడు. తల్లి ఇళ్ళల్లో వంటపని, బట్టలుతికే పని చేసేది. వాళ్ళ ఊళ్ళో నల్లపిల్లలకి ఎనిమిదో క్లాసు తర్వాత బడి లేదు. రైలు ఛార్జీలు కూడబెట్టడానికి టైం పడుతుందని కొడుకు ఊరికే తిరక్కుండా ఎనిమిదో క్లాసే మళ్ళీ చదివించింది ఆ తల్లి. తర్వాత షికాగోకి తీసుకుపోయింది. పెద్దయ్యాక నల్లవాళ్ళ కోసం ఒక పత్రిక పెడదామనుకున్నాడు. బ్యాంకులు తలుపు తియ్యలేదు. 1942లో తల్లి సామాన్లు, అంటే ఇంట్లో కుర్చీలూ బల్లలూ, తాకట్టు పెట్టి 500 డాలర్లు అప్పు తెచ్చాడు. ఆ 500తో ఏం చేశాడనుకున్నారు? పత్రిక అచ్చు వెయ్యలేదు. స్టాంపులు కొన్నాడు. తను పనిచేసే నల్లవాళ్ళ ఇన్సూరెన్సు కంపెనీ ఖాతాదారులు ఇరవై వేలమందికి ఉత్తరాలు రాశాడు. ఇట్లా ఒక పత్రిక రాబోతున్నది, ముందుగా రెండు డాలర్లు చందా పంపండి అని. మూడు వేలమంది పంపారు. ఆరు వేల డాలర్లు! ఆ డబ్బుతో మొదటి పత్రిక వచ్చింది. 1945లో ఎబొనీ, 1951లో జెట్ అనే పత్రికలు పెట్టాడు.

ఇరవై వేలమందిలో పదిహేడు వేలమంది పంపలేదు. ఈ సంగతి తమ్ముళ్ళు గుర్తుపెట్టుకోండి. పది ఇళ్ళకి పోయి మూడిళ్ళల్లో లేదనిపించుకుంటే మనవాళ్ళు రసీదు పుస్తకం మూసేసి టీ బంకు దగ్గర కూచుంటారు, మన జనంలో చైతన్యం లేదని ఉపన్యాసం మొదలుపెడతారు.

పత్రిక పెరిగింది, ఖర్చులూ పెరిగాయి. ప్రకటనలు కావాలి. పెద్ద తెల్ల కంపెనీలు నల్లవాళ్ళ పత్రికకి ప్రకటనలిచ్చేవి కావు. సబ్బు నల్లవాళ్ళూ కొంటారు, రేడియో నల్లవాళ్ళూ కొంటారు, కానీ ప్రకటన మాత్రం ఇవ్వరు. షికాగోలో జెనిత్ అని పెద్ద రేడియో కంపెనీ ఉండేది. దాని అధిపతి మెక్‌డొనాల్డ్‌కి జాన్సన్ ఉత్తరం రాశాడు. నేను ప్రకటనల సంగతి చూడనని జవాబొచ్చింది. మళ్ళీ రాశాడు, ప్రకటనలు వద్దులెండి, మీ కంపెనీ విధానం గురించి మాట్లాడదామని. విధానమైతే రా, ప్రకటన ఇమ్మని అడిగావో అక్కడికి ఆపేస్తానన్నాడు ఆయన. అప్పుడు జాన్సన్ ఆ మనిషి ఎవరు, ఏమంటే ఇష్టమని వాకబు చేశాడు. ఆయన ఉత్తర ధ్రువం వైపు మంచుదారుల్లో తిరిగినవాడని తెలిసింది. 1909లో పియరీతో పాటు ఆ ధ్రువ యాత్ర చేసిన మాథ్యూ హెన్సన్ నల్లవాడు. అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు. జాన్సన్ హెన్సన్ పుస్తకం ఒకటి సంపాదించి, ఆయన చేతే సంతకం పెట్టించి, పట్టుకుని వెళ్ళాడు. మెక్‌డొనాల్డ్ ఆఫీసులో హెన్సన్ ఇచ్చిన మంచు చెప్పులు గోడకున్నాయి. ఆ పెద్దమనిషి హెన్సన్ గురించి గొప్పగా మాట్లాడటం మొదలుపెట్టాడు, ఇతను పుస్తకం తీసి చేతిలో పెట్టాడు. మా పత్రికలో ఇట్లాంటివాళ్ళ గురించే రాస్తామని చూపించాడు. ఆయనే తన మనుషుల్ని పిలిచి మనం ఈ పత్రికకి ప్రకటనలెందుకివ్వడం లేదని అడిగాడట. జెనిత్ ప్రకటన వచ్చింది. తర్వాత ఆయన ఇంకొన్ని కంపెనీల పెద్దలకి చెప్పాడు, వాళ్ళూ వచ్చారు.

ఇందులో కాళ్ళ మీద పడటం ఎక్కడా లేదు. దండం పెట్టి పేదవాళ్ళం బాబయ్యా అనలేదు. నీకు ఇష్టమైన సంగతి ఏదో తెలుసుకున్నాను, అందులో మావాడి గొప్ప కూడా ఉంది చూడు అన్నాడు, అంతే. మన పిల్లలు ఏ షాపుకి పోయినా ముందు ఆ షాపువాడికి మన జనంతో ఏం పని ఉందో తెలుసుకుని పోవాలి.

ఇప్పుడు ఫ్యాషన్ ఫెయిర్ దగ్గరికొద్దాం. 1950ల మధ్యలో న్యూ ఆర్లీన్స్‌లో నల్లవాళ్ళ ఆసుపత్రి ఒకటి, ఫ్లింట్ గుడ్‌రిడ్జ్ అని, దానికి డబ్బు కావలసి వచ్చింది. అక్కడి నల్లవాళ్ళ విశ్వవిద్యాలయం డిల్లార్డ్ అధ్యక్షుడి భార్య జెస్సీ డెంట్, బట్టల ప్రదర్శన పెట్టి డబ్బు తీద్దాం, సాయం చెయ్యండని జాన్సన్ దంపతుల్ని అడిగింది. చేశారు. బాగా నడిచింది. దాంతో 1958 నుంచి ఆ ప్రదర్శనని ఊరూరా తిప్పడం మొదలుపెట్టారు. మొదట నడిపినామె ఫ్రీడా డినైట్. ఆమె ఎబొనీ పత్రికలో వంటల శీర్షిక రాసే మనిషి. 1963లో ఆమె చనిపోయాక జాన్సన్ భార్య యూనిస్ ఆ పని చేతుల్లోకి తీసుకుంది. 2009లో ఆగిపోయేదాకా అది నడిచింది. అన్నేళ్ళలో మంచి పనుల కోసం పోగుచేసిన డబ్బు 5 కోట్ల డాలర్లు దాటింది. వాళ్ళ దగ్గర ఐదు కోట్లంటే మన రూపాయల్లో ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఎట్లా తీశారు? ఏ ఊరికి పోయినా ఆ ఊళ్ళో నల్లవాళ్ళ చర్చి గాని, ఆడవాళ్ళ సంఘం గాని, హక్కుల సంఘం గాని ముందు నిలబడాలి. వాళ్ళే ఆ ఊరికి స్పాన్సర్లు. మనం స్పాన్సర్ అనగానే ఏసీ కారులోంచి దిగే మనిషి కళ్ళ ముందుకొస్తాడు. అక్కడ స్పాన్సర్ అంటే ఇంటింటికీ తిరిగి టిక్కెట్లమ్మే చర్చి ఆడవాళ్ళు. టిక్కెట్టు ధరలో ఎబొనీ పత్రికకో జెట్ పత్రికకో చందా కలిపి ఉండేది. చూసినవాడికి షో దక్కింది, ఇంటికి పత్రిక వచ్చింది. పత్రికవాళ్ళకి చందాదారు దొరికాడు. ఊరి సంఘానికి మిగిలిన డబ్బు వచ్చింది, దాంతో ఆసుపత్రి కట్టుకున్నారో, పిల్లల్ని కాలేజీకి పంపారో వాళ్ళిష్టం. ఒక్క టిక్కెట్టుతో ముగ్గురికీ పని జరిగింది. పైనుంచి ఒక్కడే కట్ట విసిరి ఉంటే ఈ మూడూ జరిగేవి కాదు.

ఆ బస్సు ప్రయాణం మనకి తెలియని కథేమీ కాదు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళని హోటళ్ళలో పడుకోనివ్వరు, తెల్లవాళ్ళ పక్కన కూచుని తిననివ్వరు. పట్టు గౌన్లు వేసుకుని స్టేజీ మీద నడిచే అమ్మాయిలకి కిందికి దిగితే కాఫీ పోసే దిక్కు లేదు. మన ఊళ్ళల్లో రెండు గ్లాసుల హోటళ్ళు చూసినవాళ్ళకి ఇది ఇంకా విప్పి చెప్పక్కర్లేదు.

యూనిస్ పారిస్ పోయి పెద్దపెద్ద బట్టలవాళ్ళని అడిగితే మొదట్లో కొందరు ఇవ్వమన్నారు. నల్లవాళ్ళు వేసుకుంటే మా బట్ట పరువు పోతుందని వాళ్ళ భయం. ఆమె అరువడగలేదు. డబ్బు పెట్టి కొంటానంది. కొన్నది కూడా. అరువు తెచ్చిన గౌను అయితే ఎవరు వెయ్యాలో, ఎట్లా నడవాలో, ఏ ఊళ్ళో చూపించాలో ఇచ్చినవాడు చెప్తాడు. కొన్న గౌను మీద వాడికి మాట లేదు. అందుకే ఆ స్టేజీ మీద నిగనిగలాడే నల్లటి అమ్మాయిలు నడిచారు, లావుగా ఉన్న అమ్మాయిలు కూడా నడిచారు. తెల్లవాళ్ళ ఫ్యాషన్ లోకం అట్లాంటివాళ్ళని గుమ్మం కూడా తొక్కనివ్వని రోజులవి.

మొహానికి వేసుకునే రంగుల దగ్గర కూడా ఇదే. ఆ అమ్మాయిల ఒంటి రంగుకి సరిపోయే పౌడరు బజార్లో లేదు. రెండు మూడు రంగులు వాళ్ళే కలుపుకుని వేసుకునేవాళ్ళు. మా రంగుకి తగ్గట్టు తయారు చెయ్యండని జాన్సన్ పెద్ద కంపెనీల్ని అడిగాడు. వాళ్ళు వినలేదు. 1973లో తామే ఫ్యాషన్ ఫెయిర్ పేరుతో కంపెనీ పెట్టారు. అది నడవడం చూశాక ఆ పెద్ద కంపెనీలూ దిగాయి. మన దగ్గర మొహం తెల్లబడుతుందని చెప్పి 1975 నుంచి క్రీములమ్మినవాళ్ళు 2020లో పేరులో ఒక్క మాట మార్చుకున్నారు. అది కూడా నల్లవాళ్ళు అమెరికా రోడ్ల మీదికి వచ్చి దేశాలన్నీ కదిలిన ఏడాది. అట్లాంటి క్రీము అమ్మే ఫ్యాన్సీ షాపు మన పిల్లలకి డబ్బిస్తానంటే, ఇస్తూ ఇస్తూ కాస్త రంగున్న అమ్మాయిల్ని ముందు నడిపించండి అంటే, ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. అప్పటికప్పుడు అనుకుంటే నోరు పెగలదు.

జాన్సన్ దంపతుల్ని నేను నెత్తిన పెట్టుకోమనడం లేదు. వాళ్ళు వ్యాపారస్తులు. బాగా సంపాదించారు. వాళ్ళ స్టేజీ మీద గౌన్లు టిక్కెట్టు కొన్న పనిమనిషి ఒక జన్మలో కొనలేదు. ఫ్రేజియర్ అనే నల్ల సామాజిక శాస్త్రవేత్త అప్పట్లోనే, నల్లవాళ్ళలో కాస్త పైకొచ్చినవాళ్ళు ఉత్తుత్తి లోకంలో బతుకుతున్నారని పుస్తకమే రాశాడు. ఆ విమర్శ వాళ్ళ పత్రికలకి కూడా తగిలింది. మన పిల్లలు చేసేది వేరు. వీళ్ళు కుట్టింది జాండ్రపేట మగ్గం గుడ్డ, చూడ్డానికొచ్చిన అక్క రేపు కుట్టించుకోగలిగింది. ఈ తేడా నాకు చాలా పెద్దదనిపిస్తుంది.

ఇంకొక సంగతి, చేదు సంగతి. వాళ్ళ పత్రిక పెద్దదయ్యేకొద్దీ సిగరెట్ కంపెనీల ప్రకటనలు ఎక్కువయ్యాయి. 1980లలో ఆర్.జె.రెనాల్డ్స్ కంపెనీ వాళ్ళ 'మోర్' సిగరెట్ ఈ ఫ్యాషన్ ఫెయిర్‌కే స్పాన్సరయింది. చర్చి ఆడవాళ్ళు టిక్కెట్లమ్మి కట్టిన స్టేజీ మీదికి సిగరెట్ ఎక్కింది. కంపెనీకి నల్లవాళ్ళ మీద ప్రేమ కాదు. నల్లవాళ్ళు తాగాలి. అదే కంపెనీ 1990లో 'అప్‌టౌన్' అని నల్లవాళ్ళ కోసమే ఒక సిగరెట్ తయారుచేసి ఫిలడెల్ఫియాలో దింపబోయింది. అప్పుడు ఆ ఊరి చర్చిలు, సంఘాలు ఎదురు తిరిగాయి. అప్పటి అమెరికా ఆరోగ్య మంత్రి లూయీ సల్లివన్, ఆయనా నల్లవాడే, నిలబడి మాట్లాడాడు. కంపెనీ తోక ముడిచింది. తన జనం కట్టిన స్టేజీ మీదికి తన జనాన్ని చంపేవాణ్ణి రానిస్తే వాణ్ణి దింపడానికి మళ్ళీ ఒక ఉద్యమం కావలసి వచ్చింది.

మన దేశంలోనూ ఇదే. 2000లో ఢిల్లీలో మొదటి ఫ్యాషన్ వారం జరిగితే దానికి ముందు తగిలించిన పేరు లాక్మే, రంగులమ్మే కంపెనీది. 2006 నుంచి కొన్నేళ్ళు ఆ ఢిల్లీ స్టేజీకి విల్స్ పేరు పెట్టారు. విల్స్ అంటే మన తాతలకి తెలిసిన పేరే, సిగరెట్ పెట్టె మీద పేరు. 2003లో చట్టం వచ్చి పొగాకు కంపెనీలు స్పాన్సర్ చెయ్యడాన్ని నిషేధించింది. అయితే అప్పటికే విల్స్ పేరుతో బట్టల షోరూములున్నాయి. బట్టల పేరుగా ఆ పేరు స్టేజీ ఎక్కింది. ఆ కంపెనీకి పొగాకు ఎక్కణ్ణుంచి పోతుంది? మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి. ఇక్కడ కూచున్న అమ్మల్లో ఎంతమంది బ్యారన్ల దగ్గర ఆకు కట్టారు, గ్రేడింగు షెడ్లలో ఘాటుకి దగ్గుకుంటా కూచున్నారు? ఆ స్టేజీ మీద వెలిగిన దీపాల్లో మీ చేతి పని ఉంది. మీ పేరు లేదు.

ఇప్పుడు వైన్ షాపు ఓనరు దగ్గరికొద్దాం. డబ్బుకి కులముందా అన్నారు గదా. డబ్బుకి దారి ఉంటుంది తమ్ముడూ. ఆ 80 వేలు ఏ దారిన ఆయన జేబులోకొచ్చాయో ఒకసారి వెనక్కి నడిచి చూడు. మన పేట కూలి డబ్బు, సాయంత్రానికి ఆయన గల్లాపెట్టెలో. అదే డబ్బు తిరిగొస్తుంటే మనకి దానంలాగా కనపడుతోంది. పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. అందులో మన మాల మాదిగ ఆడవాళ్ళు ముందు వరుసలో ఉన్నారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. తర్వాత మందు ఎట్లా తిరిగొచ్చిందో వేరే కథ. ఆ ఆడవాళ్ళ మనవరాళ్ళు మందు షాపు ఫ్లెక్సీ ముందు నడుస్తారా? అడిగింది మీ సంఘం తమ్ముళ్ళు గాబట్టి చెప్తున్నాను, నడవాల్సింది మీరు కాదు. కాబట్టి ఓటు ఆ ముప్పై మంది పిల్లలది. వాళ్ళని అడిగారా? అడగలేదని మీ మొహాలే చెప్తున్నాయి.

ఇంకో మాట కూడా ఉంది. మొదటి వరుస నా మనుషులకి వదలాలన్నాడు. మొదటి వరుసలో తాగిన మగవాళ్ళు కూచుంటే మన పిల్లల అమ్మానాన్నలు ఎక్కడ కూచుంటారు? పిల్ల మళ్ళీ సెంటరుకి రాగలదా? డబ్బు తీసుకున్నాక ఈ మాట అడగలేరు, అడగాల్సిందిప్పుడే.

మరి 69 వేలు ఎట్లా? ఆ 80 వేల లెక్క కాయితాన్ని ముక్కలు చెయ్యండి. మైకు ఒక ముక్క, షామియానా ఒక ముక్క, గుడ్డ ఒక ముక్క, అచ్చు ఒక ముక్క, భోజనం ఒక ముక్క. 80 వేలు ఇచ్చేవాడు ఊరికి ఒక్కడే ఉంటాడు, వాడు ఎట్లాంటివాడో చూశాం. రెండు వేలు ఇచ్చేవాళ్ళు, డబ్బు కాకుండా వస్తువు ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన పేటలో పెళ్ళిళ్ళన్నిటికీ షామియానా వేసేవాడు ఒక రాత్రికి అద్దె వదులుకోలేడా? దారం, జిప్పులు, లైనింగు గుడ్డ అమ్మే షాపువాడికి కుట్టు సెంటరు రోజూ బేరమే. చీరాలని చిన్న బొంబాయి అంటారు, ఇన్ని బట్టల కొట్లున్న ఊళ్ళో గుడ్డకి కరువేంటి? మాస్టర్ వీవర్ల దగ్గరికి పోండి, చేనేత సహకార సంఘానికి పోండి. మీ కుప్పడం చీర పాత పెట్టెలో ఉండిపోకుండా మా పిల్లలు దాంతో కొత్త రకం బట్ట కుట్టి చూపిస్తారు, తాను గుడ్డ ఇవ్వండి అనండి. ఇది వాళ్ళకీ పనికొచ్చే మాట. నేతవాళ్ళ బాధ మనకంటే తక్కువేం కాదు, వాళ్ళతో కలిసి నిలబడే సందు ఇక్కడ దొరుకుతుంది.

తర్వాత మన ఉద్యోగస్తులు. టీచర్లు, బ్యాంకువాళ్ళు, రైల్వేవాళ్ళు, కరెంటు ఆఫీసువాళ్ళు. ఏప్రిల్ 14కి దండ వెయ్యడానికి వస్తారు, ఫోటో దిగుతారు, పోతారు. ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల సంఘాలకి ఉత్తరం రాసి, ఒక్కొక్కరు ఒక్క అమ్మాయి బట్టల ఖర్చు పెట్టుకోండని అడగండి. ఫలానా అమ్మాయి, ఈ గుడ్డ, ఇంత ఖర్చు అని రాసి చూపిస్తే చెయ్యి జేబులోకి పోతుంది. మన సంఘానికి సాయం చెయ్యండంటే రేపు చూద్దామంటారు.

చర్చిలని మర్చిపోవద్దు. ఆడవాళ్ళ సమాజాలు టిక్కెట్లమ్మితే మన యువజన సంఘాలు నాలుగు జన్మలెత్తినా అంత అమ్మలేవు. టిక్కెట్టులో ఈ పత్రిక ఆర్నెల్ల చందా కలపండి. పత్రికవాళ్ళు ఇక్కడే ఉన్నారు, మాట తీసుకోండి. అప్పుడు షో అయిపోయాక కూడా మన మాట ఆ ఇంటికి పదిహేను రోజులకోసారి పోతుంటుంది.

పెద్ద కంపెనీల సంగతి కూడా ఒక తమ్ముడు అడిగాడు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్లు, ఆపైన లాభం వచ్చే కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో నూటికి రెండు వంతులు సమాజం పనులకి ఖర్చు పెట్టాలి. దాన్నే సి.ఎస్.ఆర్. అంటున్నారు. చేతి పనులు, సంప్రదాయ కళలు, బతుకుతెరువు నేర్పే శిక్షణ అందులోకి వస్తాయి. అయితే తమ సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్పుని అందులో చూపించుకోకూడదు. అంటే షోకి కాదు, మిషన్లకి, శిక్షణకి అడగాలి. దానికి సంఘం రిజిస్టరై ఉండాలి, 2021 నుంచి కంపెనీ వ్యవహారాల శాఖలో కూడా నమోదు కావాలి. సెంటరు రిజిస్ట్రేషను కాయితాలు మూడేళ్ళుగా ఎవరి బీరువాలో ఉన్నాయో వాళ్ళు దయచేసి బయటికి తియ్యండి. ఈ దారి ఈ ఏడాది షోకి అందదు, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

ఎవరిచ్చినా సరే, ఒక కాయితం మీద రెండు పక్కలా సంతకాలుండాలి. ఇచ్చినవాడి పేరు కరపత్రంలో వేస్తాం, గుమ్మం దగ్గర బోర్డు మీద అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో రాస్తాం, రెండొందలు ఇచ్చినా ఇరవై వేలిచ్చినా. స్టేజీ మీద బాబాసాహెబ్ ఫోటో, సావిత్రిబాయి ఫోటో తప్ప ఇంకొకరి బొమ్మ ఉండదు. ఎవరు నడవాలి, ఏం వేసుకోవాలి, ఏ పాట వెయ్యాలి అన్నది పిల్లలే తేల్చుకుంటారు. పిల్లల ఫోటోలు వాళ్ళనడక్కుండా ఎవరూ ఏ ప్రకటనకీ వాడకూడదు. షో అయ్యాక సన్మానాలని, దాతలతో భోజనాలని పిల్లల్ని కూచోబెట్టడం ఉండదు. ఇది ఒప్పుకుంటే వైన్ షాపు ఓనరు కాదు, ఆయన కంటే పెద్దవాడొచ్చినా మాట్లాడొచ్చు. ఒప్పుకోకపోతే టీ ఇచ్చి పంపించండి, మర్యాద మాత్రం తప్పొద్దు.

షో అయిన ఎనిమిది రోజుల్లోపు ఇదే చాపల మీద కూచుని జమా ఖర్చు చదవాలి. రాసేది, దాచేది ఇద్దరు అమ్మాయిలు. మగవాళ్ళం కుర్చీలు మోద్దాం, టిక్కెట్లు చింపుదాం.

నేను ఇంకా మాట్లాడొచ్చు గాని ఆఖరు బస్సు తొమ్మిదింటికి. ఆ ముప్పై మంది పిల్లలు ఇప్పుడే లోపలి గదిలోకి పోయి వైన్ షాపు ఓనరు సంగతి వాళ్ళలో వాళ్ళే తేల్చుకుని వచ్చి చెప్పాలని అధ్యక్షురాలిని కోరుతున్నాను. వాళ్ళొచ్చేలోపల రసీదు పుస్తకాలు ఇక్కడ పంచుకుందాం. ఇద్దరికొక పుస్తకం, ఒక అమ్మాయి, ఒక పెద్దావిడ. పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం వైపు ఎవరు పోతారో చేతులెత్తండి.